మొదటి వరుస మీద తువ్వాలు

సోమవారం. పన్నెండూ పది.

"కర్నూలులో బస్సెక్కేముందు ఒక్క ఫోన్ చేసుంటే బాగుండేది మేడమ్. కేసు శనివారమే తేలిపోయింది," అన్నాడు రాఘవేంద్రప్రసాద్, మూడు లాప్‌టాప్‌ల వెనకనుంచి తల ఎత్తకుండానే.

నాగలత చేతిసంచి బల్ల మీద పెట్టింది. "తేలిపోయిందా? మంచిదప్పా. మరి నువ్వింకా ఈడ ఎందుకు కూచోనుండావు?"

కిటికీ పక్కన కుర్చీలో ఎవరో ఫక్కున నవ్వారు. కృపమణి. కడపలోని ఆ పఠనమందిరానికి పెద్ద. యాభై నాలుగేళ్ల మనిషి, పుట్టుకతోనే చూపు లేదు. కర్నూలు నుంచి రాజంపేట దాకా చూపు లేనివాళ్ల కోసం ఇలాంటి మందిరాలు పదకొండు ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి ఒకే కమిటీ. ఆ కమిటీకి కూడా ఆమే పెద్ద.

"రామ్మా నాగలతా, కూచో. నీ నడక బాగుండాది. తొందర ఉండాది గానీ కంగారు లేదు," అంది కృపమణి.

నాగలతకు నలభై ఎనిమిదేళ్లు. పద్దెనిమిదేళ్లు బస్సు డిపోలో, పోయిన సామాన్ల కిటికీ వెనక కూర్చుంది. మనుషులు ఏం పోగొట్టుకుంటారో, ఎలా అబద్ధం చెబుతారో అక్కడే నేర్చుకుంది. తర్వాత కర్నూలులో డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. కంప్యూటర్ల గురించి ఆమెకు తెలిసింది టికెట్ మిషను వరకే.

ఆమెను పిలిపించిన మనిషి తలుపు పక్కన స్టూలు మీద, ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మైదుకూరు బట్టల వ్యాపారి కేశవులు. డెబ్బై ఎనిమిదేళ్లు. కొట్టు కొడుకులకు అప్పగించి పదేళ్లయింది.

"నా మనమరాలి పేరు చెడగొట్టినోణ్ణి పట్టుకో తల్లీ," అన్నాడు లేచి నిలబడి. "ఎవడైనా సరే. మొహం చూడాకు."

ఆ మాటకు గోడవారన నిలబడ్డ మనవరాలు శ్రీవిద్య తల దించుకుంది. ముప్పై మూడేళ్ల పిల్ల, మూడు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. నాగలత ఆ తల దించుకోవడాన్ని చూసింది.

"సరే. మొదటినుంచి చెప్పండి."

కృపమణి చెప్పింది. 'వినికిడి' అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అచ్చు పుస్తకాన్ని కెమెరా కింద పెడితే తెలుగులో పైకి చదువుతుంది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. దాని బాగోగులు ఎనిమిదేళ్లుగా చూస్తున్నది శ్రీవిద్య. అందులో చదివే గొంతు శివలీలది.

"ఆదోని పక్క పల్లె ఆయమ్మది," అంది కృపమణి. "ఇరవై ఏండ్లు నా పక్కన బెంచీ మీద కూచోని చదివింది. తర్వాత రెండేండ్లు శ్రీవిద్య ఇంట్లో, మిద్దె మీద రికార్డింగు. అది ముగిసిన వారానికి, ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా పోయింది. ఆరేండ్లయింది. జాబు లేదు, ఫోను లేదు. ఉండాదో లేదో తెల్దు. మిగిలింది ఆ గొంతే."

"నాలుగింటికి కమిటీ కూచుంటాదంట గదా. అప్పుడు ఏం జరుగుతాది?"

"శ్రీవిద్య కావాలనే చెడగొట్టిందని తేలితే, కమిటీ వినికిడిని పదకొండు మందిరాల నుంచి తీసేస్తాది. ఏదో కంపెనీది పెడతారు. శివలీల పోతాది." కృపమణి చేతికర్ర పిడిని రెండు చేతులతో పట్టుకుంది. "రెండోసారి."

గడియారం పన్నెండూ ఇరవై చూపింది.

"ఇప్పుడు నువ్వు చెప్పప్పా," అంది నాగలత రాఘవేంద్రప్రసాద్ వైపు తిరిగి. "శనివారం ఏం తేలింది?"

అతను ఇందుకోసమే ఎదురుచూస్తున్నట్టు కుర్చీ వెనక్కి జరిపాడు. కడపలో సైబర్ పరిశోధన ఆఫీసు అతనిది. కమిటీయే నియమించింది.

"చాలా సులువు. వినికిడిని కంప్యూటర్‌లో ఎక్కించడానికి ఒక స్క్రిప్టు ఉంటుంది. అంటే కంప్యూటర్ ఒక్కో వరుసా చదువుకుంటూ చేసుకుపోవాల్సిన పనుల జాబితా. ఎనిమిదేళ్లలో అలాంటి స్క్రిప్టు ఫైళ్లు ఏడు చేరి చిందరవందర అయ్యాయట. ఈ అమ్మాయి మూడు వారాలు కూర్చుని సర్దింది. ఎక్కించే పద్ధతి చెప్పే గైడును వాళ్ల తాతగారు తిరగరాశారు. గురువారం పది గంటలకు కొత్తది విడుదల చేశారు. శుక్రవారం బొజ్జన్న ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, గొంతు రాలేదు. ఈమె వచ్చి ఎక్కిస్తే పలికింది. మళ్లీ బొజ్జన్న ఎక్కిస్తే మూగ. మళ్లీ ఈమె అయితే పలికింది. అర్థమైందా? తన చేతికి మాత్రమే పలికేలా ఏదో రహస్యం పెట్టింది. ఎప్పటికీ తననే పిలవాలని."

"రహస్యం దొరికిందా?"

"దొరుకుతుంది. జాడ దొరికింది. మార్పుల చిట్టాలో గురువారం ఉదయం ఆరూ పన్నెండుకు ఈమె పేరు మీద ఒక మార్పు ఉంది. ఏడు ఫైళ్లలోనూ అదే ఒక్క వరుస. ఎందుకు మార్చిందో రాయలేదు. మైదుకూరులో వాళ్లింటి ఇంటర్నెట్ నుంచే వచ్చింది. అడిగితే 'నాకు తెలియదు' అంటోంది."

"ఆ వరుసలో ఏముంది?"

"అది లెక్కలోకి రాదు. ముందు హ్యాష్ గుర్తు ఉంది. ఆ గుర్తు ఉన్న వరుసను కంప్యూటర్ పట్టించుకోదు, మనుషుల కోసం రాసుకునే మాట అది. దృష్టి మళ్లించడానికి పెట్టింది. అసలుది ఇంకెక్కడో ఉంది."

"సరే," అంది నాగలత. "బొజ్జన్నా, గది చూపిస్తావా?"

కంప్యూటర్ గదిలో ఆరు బల్లలు, ఆరు కంప్యూటర్లు. బొజ్జన్న ఆ మందిరంలో అన్ని పనులూ చూసుకునే మనిషి. యాభై దాటాయి. ఒక్కో బల్ల మీద సుద్దతో రాసి పెట్టాడు. మూడింటి మీద 'మూగ'. మూడింటి మీద 'పలికె'.

"టైములు రాసుకున్నావా?"

"రాసుకోకుండానా అమ్మా? కృపమ్మ ఊరుకుంటాదా?" రిజిస్టరు తెచ్చాడు.

శుక్రవారం. పదీ ఐదు, బొజ్జన్న, మూగ. పదీ నలభై, శ్రీవిద్య, పలికె. పదకొండూ పది, బొజ్జన్న, మూగ. పదకొండూ ముప్పై, శ్రీవిద్య, పలికె. పన్నెండూ ఐదు, బొజ్జన్న, మూగ.

"ఇవి ఐదు. ఆరో కంప్యూటర్ మీద పలికె అని ఉండాదే. దాన్ని ఎవరు ఎక్కించినారు?"

బొజ్జన్న తల గోక్కున్నాడు. "శనివారం తొమ్మిదిన్నరకు, ఆ లాప్‌టాపుల సారు. రాయొద్దన్నాడు."

నాగలత పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది. "నువ్వు ఎట్ల ఎక్కిస్తావు? నాకు ఒకసారి చేసి చూపించు. నిజంగా ఎక్కించొద్దు, ఉత్తినే."

బొజ్జన్న జేబులోంచి మడతపెట్టిన గైడు తీశాడు. కేశవులు రాసింది. పెద్ద అక్షరాలు, తేట మాటలు. 'నాలుగో మెట్టు: నాయనా, తెరమీద చెవి బొమ్మ కనబడుతుంది. దాని మీద రెండుసార్లు నొక్కు. తొందరపడవద్దు. అయిదు నిమిషాలు ఆగు. మంచినీళ్లు తాగు.'

"తాగినావా?"

"మూడుసార్లూ తాగినా అమ్మా. అయినా పలకలేదు!"

ఒంటిగంట అయ్యేసరికి కేశవులు క్యారియర్ విప్పాడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. "తిన్న తర్వాత దొంగను పట్టుకుందువు గానీ," అని అందరికీ ఆకుల్లో పెట్టాడు. ఒక్క క్షణం తటపటాయించి రాఘవేంద్రప్రసాద్‌కూ పెట్టాడు. "నువ్వు నా బిడ్డకు శత్రువే గానీ, ఆకలికి శత్రుత్వం లేదు. తిను."

రాఘవేంద్రప్రసాద్ రెండు బజ్జీలు తిన్నాడు. మూడోదానికి చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. కేశవులు చూసి ఇంకో రెండు వేశాడు.

నాగలత తన ఆకు పట్టుకుని శ్రీవిద్యను వరండాలోకి తీసుకుపోయింది.

"గురువారం పొద్దున ఆరూ పన్నెండుకు యాడ ఉండావు?"

"గుర్తులేదు."

"గైడు ముద్రణకు ఇయ్యడానికి ఆ పొద్దున కడపకు వచ్చినావంట గదా. మీ తాత ఫోన్లో చెప్పినాడు. ఏ బస్సు?"

"పొద్దున బస్సు."

"నీ బ్యాగు ఇట్లియ్యి."

శ్రీవిద్య బ్యాగును గట్టిగా పట్టుకుంది. నాగలత నవ్వింది. "పద్దెనిమిదేండ్లు ఇదే పని పాపా. పారేసుకున్నోళ్లు బ్యాగు ముందుకు తోస్తారు. దాచుకున్నోళ్లు వెనక్కి లాక్కుంటారు."

బ్యాగు ముందు జేబులో నలిగిన టికెట్లు నాలుగైదు. నాగలత వాటిని వేళ్లతో సాపు చేసింది. తన కంటికి బాగా అలవాటైన కాగితం. గురువారం, మైదుకూరు నుంచి కడప, ఐదూ యాభై రెండు.

"ఐదూ యాభై రెండుకు మైదుకూరులో ఎక్కితే, ఆరూ పన్నెండుకు ఖాజీపేట దగ్గర ఉంటావు. మార్పు వచ్చింది మీ ఇంటి నుంచి. అంటే అది నువ్వు చేసింది కాదు. ఈ టికెట్ చూపిస్తే నువ్వు శనివారమే బయటపడేదానివి." నాగలత గొంతు తగ్గించింది. "చూపించలేదు. ఎందుకంటే ఇంట్లో ఉండేది ఎవరో నీకు తెలుసు."

శ్రీవిద్య కళ్లు నిండాయి. "అక్కా, నీకు దండం పెడతా. మిద్దె మీద పాత కంప్యూటర్ ఉండాది. అందులో నా పేరు ఎప్పుడూ తెరిచే ఉంటాది. గైడు తాత అందులోనే రాస్తాడు, ఒక్క వేలితో. ఈ గైడు కోసం ఆయన మళ్లీ పసిపిల్లోడైనాడు. అవ్వ పోయినాక ఇదే మొదటిసారి ఆయన నవ్వింది. చెడగొట్టింది నువ్వేనని ఆయనకు చెప్పమంటావా? దానికన్నా నా పేరు పోనీ."

"నీ పేరుతోపాటు శివలీల గొంతు పోతాది గదా."

"తెలుసు," అంది శ్రీవిద్య. "అందుకే మూడు రాత్రులు ఆ గురువారం ఫైళ్లే తిరగేసినా. కానీ ఆయన పెట్టిన వరుస దేన్నీ చెడగొట్టలేదక్కా! హ్యాష్ గుర్తు పెట్టి రాసినాడు. నేనే నేర్పినా, మనుషుల మాట రాయాలంటే ఆ గుర్తు పెట్టు తాతా అని. అది చెడగొట్టే అవకాశమే లేదు. మరి ఏది చెడగొట్టిందో నాకు తెల్దు."

రెండూ పదిహేను. నాగలత లోపలికి వచ్చి కృపమణి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఆరుసార్లూ మీరు ఆ గదిలోనే ఉన్నారా?"

"ఆరుసార్లూ. శివలీల గొంతు కోసం ఎదురుచూస్తా కూచోనుంటి."

"పలికినప్పుడూ పలకనప్పుడూ ఏమైనా తేడా వినపడిందా?"

కృపమణి కుర్చీ చెయ్యి మీద వేళ్లతో తాళం వేసింది. "పలికినప్పుడల్లా ముందు టకటకా టైపు కొట్టినారు. శ్రీవిద్య అట్లనే, ఈ రాఘవేంద్రప్రసాదూ అట్లనే. బొజ్జన్న మాత్రం టిక్కుటిక్కు అని రెండు దెబ్బలు, తర్వాత గటగటా నీళ్లు."

నాగలత లేచి నిలబడింది. "రాఘవేంద్రప్రసాదూ! శనివారం తొమ్మిదిన్నరకు ఆరో కంప్యూటర్ మీద నువ్వే ఎక్కించినావు. నీ చేతికీ పలికింది. 'ఆమె చేతికి మాత్రమే' అనే మాట అప్పుడే సచ్చిపోయింది. రిజిస్టరులో రాయొద్దని ఎందుకన్నావు?"

అతని మొహం ఎర్రబడింది. "అది... ఆమె ముందే ఆ మిషను తాకి ఉంటుందని..."

"తాకలేదు. నాకు చెవులుండాయి," అంది కృపమణి.

"నీకు సరిపోని సాక్ష్యాన్ని బల్లకింద తోసినావు. మా డిపోలో ఒకాయన ఇట్లనే, గొడుగు దొరకలేదని రాసి అదే గొడుగేసుకుని ఇంటికి పోయినాడు."

"మేడమ్!" రాఘవేంద్రప్రసాద్ లేచాడు. "టికెట్లు చించుకునేవాళ్లు నాకు పరిశోధన నేర్పక్కర్లేదు. మీకు స్క్రిప్టు అంటే ఏమిటో తెలుసా?"

"తెల్దు. అందుకే అడుగుతాండా. తెలిసినోళ్లందరూ టైపు కొట్టినారు, పలికింది. తెలియనోళ్లు గైడు చూసి బొమ్మ నొక్కినారు, పలకలేదు. చెయ్యి కాదు తేడా, దోవ. టైపు కొడితే ఏమవుతాది, బొమ్మ నొక్కితే ఏమవుతాది? నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

సమాధానం చెప్పింది శ్రీవిద్య. మాట్లాడుతున్నకొద్దీ ఆమె మాట వేగం పెరిగింది.

"లోపల ఆ జాబితా చదివేవాళ్లు ఇద్దరుంటారక్కా. ఒకడు పెద్ద చదువు, ఒకడు చిన్న చదువు. టైపు కొట్టే తెరలో కూచోనుండేది పెద్ద చదువోడు. బొమ్మ నొక్కితే లేచేది చిన్న చదువోడు. కానీ అది సమస్య కాదు. స్క్రిప్టు మొదటి వరుసలోనే, దీన్ని పెద్ద చదువోడే చదవాలని రాసి ఉంటాది. అది చూసి చిన్నోడు పక్కకు తప్పుకుంటాడు."

"మొదటి వరుసలోనే ఉండల్లనా?"

"మొదటి వరుసలోనే. రెండోదాంట్లో ఉంటే చూడడు. తానే చదవడం మొదలుపెట్టి, కష్టమైన మాట వచ్చినచోట..."

ఆమె ఆగిపోయింది. రాఘవేంద్రప్రసాద్ కూడా కదలకుండా నిలబడ్డాడు.

"తాత పెట్టిన వరుస ఎన్నోది?" అడిగింది నాగలత నెమ్మదిగా.

శ్రీవిద్య తాత వైపు తిరిగింది. "మొదటిది."

"బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేస్తారు చూడు," అంది నాగలత. "తువ్వాలు ప్రయాణం చెయ్యదు, టికెట్ కొనదు, ఎవరితో మాట్లాడదు. దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. కానీ సీటు పోతాది. కూచోవాల్సినోడు నిలబడతాడు. ఈ వరుసను కంప్యూటర్ చదవదని మీరిద్దరూ దాన్ని చూడలేదు. చదవకపోయినా, చోటు ఆక్రమించింది గదా?"

రాఘవేంద్రప్రసాద్ ఒక్క ఉదుటున కీబోర్డు మీద పడ్డాడు. నిమిషం తర్వాత నెమ్మదిగా తల ఎత్తాడు. "నలభై ఒకటో వరుస దగ్గర ఆగిపోతోంది. సాఫ్ట్‌వేర్ అంతకుముందే ఎక్కేస్తుంది. గొంతు నలభై రెండో వరుసలో ఉంది."

అప్పుడు కేశవులు స్టూలు మీంచి లేచాడు.

"ఏ వరుస గురించి మాట్లాడతాండారు?"

"తాతా, ఏం లేదు, నువ్వు కూచో," అంది శ్రీవిద్య గబగబా.

"గురువారం పొద్దున స్నానం చేసి మిద్దెక్కితి. అమ్మాయి కొత్త ఫైలు మొదలుపెట్టింది, నెత్తిన శ్రీ లేదు. యాభై ఏండ్ల వ్యాపారంలో శ్రీ పెట్టకుండా నేను కాగితం ముట్టలేదు. పాలవాడి చీటీకైనా సరే. బిడ్డ మూడు వారాల కష్టం, శ్రీ లేకుండా లోకంలోకి పోతాందే అని గుండె ఝల్లుమనింది. హ్యాష్ పెట్టి, శ్రీ పెట్టినా. అది తప్పా?" మనుషుల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. "అయితే... చెడగొట్టినోణ్ణి నేనేనా?"

శ్రీవిద్య ముందుకు వచ్చి ఆయన చేతులు పట్టుకుంది. ఏడుపు వస్తుందనుకున్నారు అందరూ. కానీ ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేని నవ్వు, మూడు రోజులనుంచి గొంతులో ఇరుక్కున్నది. కృపమణికి అంటుకుంది, బొజ్జన్నకు అంటుకుంది. కేశవులు మొదట బిక్కమొహం వేశాడు, తర్వాత బోడితల తడుముకుంటూ తానూ మొదలుపెట్టాడు.

"నన్ను పట్టుకోడానికి నేనే డిటెక్టివును పిలిపిస్తి గదమ్మా!"

"మొహం చూడొద్దన్నారు గదా, అందుకే చూడలేదు," అంది నాగలత.

మూడూ ఇరవై. దిద్దడానికి నిమిషం చాలు, ఆ శ్రీని కిందికి జరిపితే అయిపోతుంది. కానీ కేశవులు అడ్డం నిలబడ్డాడు.

"కిందికా? శ్రీని కిందికి దింపుతారా? తీసేయండి, ఊరుకుంటా. దింపితే మాత్రం ఒప్పుకోను. శ్రీ అంటే పైనే ఉండల్ల."

"తాతా, నలభై నిమిషాలే ఉండాది!"

"నాలుగు నిమిషాలున్నా అంతే."

రాఘవేంద్రప్రసాద్ తల పట్టుకున్నాడు. నాగలత పెద్దాయన పక్కన నిలబడింది.

"అన్నా, బస్సులో దేవుడి పటం యాడ పెడతారు?"

"ముందర, అద్దం మీద."

"డ్రైవరు సీట్లో పెడతారా?"

కేశవులు ఆమెను అనుమానంగా చూశాడు.

"పెట్టరు. దేవుడికి తెలియదా బస్సు నడపను? తెలుసు. అయినా డ్రైవరు సీటు డ్రైవరుకే ఇచ్చి, ఆయన పక్కన చూస్తా ఉంటాడు. ఆ మొదటి వరుస డ్రైవరు సీటన్నా."

పెద్దాయన తెర మీది శ్రీని ఇంకోసారి చూసుకున్నాడు. గడియారం ముల్లు రెండు గీతలు జరిగింది. "సరే," అన్నాడు చివరికి. "పక్కనే పెట్టల్ల. మూడో వరుసకు తోస్తే ఊరుకోను."

రెండో వరుసలో పెట్టారు. మూడూ ముప్పై ఐదుకు బొజ్జన్న మొదటి మూగ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చెవి బొమ్మ మీద రెండుసార్లు నొక్కాడు. మంచినీళ్లు తాగాడు. ఈసారి అందరూ తాగారు.

ఐదు నిమిషాలు. కెమెరా కింద కేశవులు గైడే పెట్టారు.

"నాయనా," అంది కంప్యూటర్, కొంచెం బొంగురుగా, వెచ్చగా, ప్రతి మాట చివరా ఒక చిన్న ఊపుతో. "తెరమీద చెవి బొమ్మ కనబడుతుంది..."

కృపమణి గోడకు ఆనుకుని మొహం పైకెత్తింది. చేతికర్ర పిడిని వేళ్లతో నిమురుతూ ఉండిపోయింది.

"కమిటీ కూర్చోవలసిన పనిలేదు," అంది కాసేపటికి. "నేనే రాస్తా. శ్రీవిద్య తప్పు లేదు. వినికిడి ఉంటుంది."

రాఘవేంద్రప్రసాద్ నాగలత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అక్కా," అన్నాడు. అంతవరకు మేడమ్ అన్న మనిషి. "ఆ టికెట్లు చించే మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"తీసుకో. టికెట్ జాగ్రత్త."

అప్పుడే కేశవులు వచ్చి మనవరాలి భుజం తట్టాడు. "అమ్మాయీ, మిగతావాటిలో కూడా శ్రీని డ్రైవరు పక్కకు జరపల్ల గదా? ఎనిమిదింటికీ పెట్టినా."

"ఏడు తాతా. ఫైళ్లు మొత్తం ఏడే."

"ఎనిమిది. ఏడు గురువారం పెట్టినా. నిన్న ఆదివారం పొద్దున చూస్తే ఇంకొకటి కొత్తగా ఉండాది. పాపం, అది కూడా శ్రీ లేకుండా. దానికీ పెట్టినా."

శ్రీవిద్య నవ్వు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని ఫైళ్ల వరుస తెరిచింది. ఎనిమిదోది ఉంది. తన పేరు మీదే. శనివారం, పదకొండూ ఇరవై ఐదు.

"నేను చెయ్యలేదు. శనివారం పొద్దుటినుంచీ నా లాప్‌టాప్ సాక్ష్యమని ఈయన దగ్గరే ఉండాది!"

అందరూ రాఘవేంద్రప్రసాద్ వైపు చూశారు. అతను పాలిపోయాడు. "మా ఆఫీసులో నా బల్ల మీద... తెరిచే ఉంది. పదకొండు గంటలకు ఒకామె వచ్చింది. ఎవరో తప్పిపోయారని ఫిర్యాదు. పెద్దావిడ కదా అని టీ చెప్పడానికి నేనే కిందికి పోయాను. తిరిగొచ్చేసరికి లేదు."

"ఆ ఫైలు ఏం చేస్తాది?" అడిగింది నాగలత.

శ్రీవిద్య చదివింది. "సోమవారం నాలుగు గంటలకు, ఏ ఒక్క మిషనులో లేచినా, అన్ని మందిరాల్లో గొంతు మొత్తం తుడిచేస్తాది. ఇంకేదీ ముట్టుకోదు. కానీ తాత శ్రీ పెట్టినాడు గదా, దీని మొదటి వరుస కూడా రెండోదైంది. చదవాల్సినోడు చదవడు. ఇది లేవదు. తాతా, నువ్వు దీన్ని కట్టిపడేసినావు!"

"శ్రీ ఊరికే పెడతారా మరి," అన్నాడు కేశవులు, ఏమీ అర్థం కాకపోయినా.

"శనివారానికీ ఆదివారానికీ నడుమ దీన్ని ఎవరైనా దించుకోనుంటే?" అంది నాగలత.

శ్రీవిద్య చిట్టా చూసింది. "ఒక్కటి. శనివారం సాయంత్రం, రాజంపేట మందిరం."

మూడూ యాభై ఆరు.

కృపమణికి పదకొండు మందిరాల నంబర్లూ కంఠస్థం. ఆమె చెబుతుంటే నాగలత నొక్కింది, ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా చేసింది. మోగుతోంది. మూడూ యాభై ఏడు. మోగుతూనే ఉంది. ఎవరో ఎత్తారు.

"హలో," అంది అవతలి గొంతు, కొంచెం బొంగురుగా, వెచ్చగా, చివర ఒక చిన్న ఊపుతో.

బొజ్జన్న రెండడుగులు వెనక్కి వేశాడు. "కృపమ్మా! మిషనే ఫోనెత్తింది!"

అవతల దగ్గు వినిపించింది.

"మిషను దగ్గదు బొజ్జన్నా," అంది కృపమణి. ఆమె చేతికర్ర జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు. "శివా?"

మూడూ యాభై ఎనిమిది.

"ఆ ఫైలు పెట్టింది నేనే కృపా," అంది శివలీల. "శ్రీవిద్య పక్కన రెండేండ్లు కూచోని రికార్డింగులు సర్దినా గదా, ఆ మాత్రం వచ్చు. నాలుగింటి కమిటీ మాట, శ్రీవిద్య లాప్‌టాప్ ఆ ఆఫీసులో ఉండే మాట, మందిరంలో అనుకుంటాంటే వింటి. ఆరేండ్లుగా ఏ ఊరికి పోయినా, మందిరం ముందర నడిస్తే లోపలనుంచి నేనే చదువుతాండా. నేను వచ్చేసినా, నా గొంతు నీ దగ్గరే ఉండిపోయింది. అది నాది. పోతాదో లేదో చూసుకుందామని ఈడికి వచ్చినా. ఇప్పుడు మిషను ముందర నిలబడితే చెయ్యి ఆడడంల్యా. కరెంటు తీగ నా చేతిలోనే ఉండాది. పీకితే గొంతు మిగులుతాది. పీకకపోతే పోతాది. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?"

శ్రీవిద్య నోటిదాకా వచ్చిన మాటను నాగలత చేత్తో ఆపింది. మూడూ యాభై తొమ్మిది.

కృపమణి ఫోన్ వైపు వంగింది. ఆమె మొహం తడిసిపోయి ఉంది, పెదవుల మీద మాత్రం చిన్నపిల్ల నవ్వు.

"గొంతు పోతే పోనీలేవే," అంది. "నువ్వు మాత్రం ఫోను పెట్టెయ్యాకు."